పాత హత్యల ఫైలు మళ్ళీ తెరిస్తే మొదట వెతికేది హంతకుణ్ణి కాదు

మీరు అడిగినవి మూడు. దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్ వరస హత్యల్లో హంతకుడెవరో ముప్పై ఏళ్ళ తర్వాత 2019లో ఎలా తేలింది? పాత కేసును తిరగదోడడమంటే డి.ఎన్.ఎ. పరీక్షకు పంపడమేనా? మన దగ్గర ఇలాంటివి ఎందుకు వినపడవు? మీకు తెలిసిన కుటుంబంలో 1990ల నాటి హత్య కేసు ఒకటి తేలకుండానే మూతపడిందని, ఇప్పుడేమైనా చేయొచ్చా అని కూడా రాశారు. నేను ఫోరెన్సిక్ ల్యాబులో సెరాలజీ (రక్తం, శరీర ద్రవాల మరకల పరీక్ష), డి.ఎన్.ఎ. విభాగాల్లో పనిచేసి రిటైరయ్యాను. పోలీసు అధికారిని కాను. ల్యాబు బెంచి దగ్గర కూర్చున్నవాడికి కేసు ఎలా కనిపిస్తుందో అలా చెబుతాను. సమాధానం కాస్త పొడుగే.

డి.ఎన్.ఎ. సంగతి ముందు తేల్చేస్తాను. అది చివరి మెట్టు. దానికి ముందు నెలల తరబడి జరిగేదంతా మొదటి దర్యాప్తు మీద దర్యాప్తు. అప్పుడు ఎవర్ని ప్రశ్నించారు, ఎందుకు వదిలేశారు, ఏ ఒక్క ఆధారాన్ని గట్టిగా నమ్మి మిగతావాటిని పక్కన పెట్టారు, ఏ వస్తువు ఏ గదిలో ఉంది... ఇవి చూస్తారు. ఎందుకంటే పాత కేసుల్లో చాలాసార్లు హంతకుడి పేరు ఫైల్లోనే ఉంటుంది. ఎవరో ఒక కానిస్టేబులు ఎప్పుడో వాడి ఇంటి తలుపు కొట్టి, రెండు ప్రశ్నలు అడిగి, కాగితం మీద రాసుకుని వచ్చేసి ఉంటాడు. బ్రిటన్‌లో యార్క్‌షైర్ రిప్పర్ అని పేరుపడ్డ వరస హంతకుడు పీటర్ సట్‌క్లిఫ్‌ను 1981లో పట్టుకునేలోపు పోలీసులు తొమ్మిదిసార్లు ప్రశ్నించి వదిలేశారు. హంతకుణ్ణి నేనేనంటూ ఎవడో ఆకతాయి పంపిన క్యాసెట్టునూ ఉత్తరాలనూ పై అధికారులు నమ్మారు. అందులోని గొంతు సండర్లాండ్ యాసలో ఉంది కాబట్టి ఆ యాస లేనివాళ్ళందరూ అనుమానం నుంచి తప్పుకున్నారు, సట్‌క్లిఫ్‌తో సహా. ఆ ఆకతాయి కూడా 2005లో దొరికాడు, అప్పట్లో కవరు అంటించడానికి నాకిన జిగురులోని లాలాజలంతో.

హ్వాసాంగ్ విషయానికొస్తాను. సోల్‌కు దక్షిణంగా అప్పట్లో పొలాలతో నిండిన ప్రాంతం అది. 1986 సెప్టెంబరు నుంచి 1991 ఏప్రిల్ దాకా పది మంది ఆడవాళ్ళు హత్యకు గురయ్యారు. వాళ్ళలో 71 ఏళ్ళ పెద్దావిడ ఉంది, స్కూలు పిల్లలూ ఉన్నారు. 21 వేలమందికి పైగా అనుమానితులను విచారించారు. 40 వేల వేలిముద్రలు పోల్చి చూశారు. పోలీసు బలగాన్ని రోజుల లెక్కన కూడితే ఇరవై లక్షలు దాటింది. అంత పెద్ద దర్యాప్తు కొరియాలో అంతకుముందు లేదు. అయినా దొరకలేదు. హత్య కేసులకు అప్పటి కొరియా చట్టంలో 15 ఏళ్ళ కాలపరిమితి ఉండేది కాబట్టి 2006 ఏప్రిల్‌తో చివరి హత్య గడువు కూడా దాటిపోయింది.

ఇంతమందిని జల్లెడ పట్టినా హంతకుడు లీ చున్-జే ఎలా తప్పించుకున్నాడు? తప్పించుకోలేదు, చేతికి చిక్కినవాణ్ణే వదిలేశారు. అక్కడే పుట్టి పెరిగినవాడు. అప్పట్లో ఒకటికి మించి సార్లు పోలీసులు అతన్ని ప్రశ్నించారు. వదిలేయడానికి ముఖ్యకారణం రక్తపు గ్రూపు. దొరికిన మరకలను బట్టి హంతకుడిది బి గ్రూపు అని దర్యాప్తు బృందం తీర్మానించుకుంది. లీ చున్-జేది ఓ గ్రూపు. కాలి గుర్తు కూడా సరిపోలేదన్నారు.

ఈ రక్తపు గ్రూపు సంగతి నా పాత వృత్తి కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఎండిన మరకలో గ్రూపు చూడడమంటే ఆసుపత్రిలో వేలు గుచ్చి చూసినంత సులువు కాదు. గుడ్డ నుంచి నాలుగు పోగులు కత్తిరించి, ఒక్కో పోగుకు ఒక్కో యాంటీసీరం (ఒక గ్రూపు గుర్తుకు మాత్రమే అంటుకునే ద్రవం) పట్టించి, రాత్రంతా చల్లటి చోట ఉంచి, అంటుకోని సీరాన్ని సెలైన్‌తో (ఉప్పునీటితో) కడిగేసి, వేడి చేస్తే అంటుకున్నది విడుదలవుతుంది. దానికి తెలిసిన ఎర్రకణాలు కలిపి మైక్రోస్కోపు కింద గుంపు కడుతున్నాయో లేదో చూడాలి. ఎ, బి గ్రూపులవాళ్ళకు వాళ్ళ గుర్తులు స్పష్టంగా ఉంటాయి. ఓ గ్రూపువాడికి సొంతంగా ఉండేది హెచ్ అనే గుర్తు మాత్రమే, అది ఎంతో కొంత అందరిలోనూ ఉంటుంది. ఇక అత్యాచారం కేసులో మరక ఒక్కరిది కాదు, బాధితురాలిదీ కలిసిపోతుంది. ఆవిడ బి గ్రూపు, నేరస్థుడు ఓ గ్రూపు అయితే రిపోర్టులో కనిపించేది బి మాత్రమే. పైగా మట్టిలో, కుళ్ళులో ఉండే కొన్ని బ్యాక్టీరియాలు కూడా బి లాంటి గుర్తే చూపిస్తాయి. పొలం గట్టున, కాలవ ఒడ్డున రోజులకొద్దీ పడి ఉన్న బట్టల మీద వచ్చిన బి గ్రూపు రిపోర్టును పట్టుకుని వేలమందిని అనుమానం నుంచి తీసేయడం ఎంత ప్రమాదమో ఊహించండి. హ్వాసాంగ్ మరకల్లో తప్పు సరిగ్గా ఈ దారిలోనే వచ్చిందని నేను అనడం లేదు. ఇలాంటి దారులు ఉన్నాయి కాబట్టే గ్రూపు పరీక్షను ఒకణ్ణి వదిలేయడానికి ఏకైక కారణంగా వాడకూడదని మా సీనియర్లు పోరేవాళ్ళు.

సోవియట్ యూనియన్‌లో వరస హంతకుడు ఆంద్రే చికతీలో విషయంలోనూ ఇదే జరిగింది. 1984లో అనుమానం మీద పట్టుకుని, రక్తం ఎ గ్రూపు, దొరికిన వీర్యం ఎబి అని తేడా రావడంతో హత్యల విషయంలో వదిలేశారు. మళ్ళీ పట్టుకున్నది 1990లో. మధ్యలో ఎంతోమంది చనిపోయారు. ఇంతకీ అతని మొదటి హత్యకు అలెగ్జాండర్ క్రావ్చెంకో అనే మరో మనిషికి అప్పటికే మరణశిక్ష అమలుచేసేశారు.

హ్వాసాంగ్‌లోనూ ఒక అమాయకుడు ఉన్నాడు. పాత కేసు తిరగదోడితే బయటపడేది హంతకుడొక్కడే కాదని చెప్పడానికి నాకు ఇంతకన్నా గట్టి ఉదాహరణ కనిపించలేదు. 1988 సెప్టెంబరు 16 రాత్రి ఎనిమిదో హత్య జరిగింది. 13 ఏళ్ళ అమ్మాయి, తన ఇంట్లో, తన గదిలో. మిగతా హత్యలు ఆరుబయట జరిగాయి, ఇది ఇంట్లో. అందుకని ఎవరో ఆ హత్యలను చూసి అనుకరించారని నిర్ణయించారు. గదిలో దొరికిన వెంట్రుకలను అణు రియాక్టరులో పెట్టి, వాటిలో ఏయే లోహాలు ఎంతెంత ఉన్నాయో కొలిచే పరీక్ష చేయించారు. టైటానియం ఎక్కువుందన్నారు. అంటే లోహపు పని చేసేవాడు అయ్యుండాలన్నారు. చుట్టుపక్కల వందలమంది మగవాళ్ళ వెంట్రుకలు సేకరించి, చివరికి వ్యవసాయ యంత్రాలు బాగుచేసే షెడ్డులో పనిచేస్తున్న 22 ఏళ్ళ యూన్ సియోంగ్-యో దగ్గర ఆగారు. అతనికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు చచ్చుబడింది. గోడ దూకి ఆ ఇంట్లోకి వెళ్ళాడని అతని చేతే రాయించారు. నిద్రపోనివ్వకుండా మూడు రోజులు కూర్చోబెట్టి రాయించారని తర్వాత తేలింది. జీవితఖైదు పడింది. దాదాపు 20 ఏళ్ళు జైల్లో ఉండి 2009లో పెరోల్ మీద బయటికొచ్చాడు, హంతకుడన్న పేరుతోనే.

ఆ రోజుల్లో ఆ రిపోర్టును ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఆశ్చర్యం కలిగించదు. రియాక్టరు, ఐసోటోపు అన్న మాటలు వినగానే కోర్టుల్లో కూడా చేతులు కట్టుకుని కూర్చుంటారు. వెంట్రుకలో లోహం శాతం బట్టి మనిషిని గుర్తుపట్టలేం. నీళ్ళను బట్టి, దుమ్మును బట్టి, తలకు రాసుకునేదాన్ని బట్టి, ఒకే మనిషిలో రెండు వెంట్రుకలకే తేడా వస్తుంది. పైగా ఈ కేసులో అంకెలనే తారుమారు చేశారని పునర్దర్యాప్తులో బయటపడింది.

ఇక 2019లో ఏం జరిగింది? గడువు దాటిన కేసు, కోర్టుకు వెళ్ళే దారి లేదు. అయినా రెండు పనులు సరిగ్గా జరిగి ఉన్నాయి. ఒకటి, పోలీసులు మృతుల బట్టలను పారేయలేదు. మన దగ్గరైతే, గడువు దాటింది, చోటు చాలట్లేదు అని ఎప్పుడో తగలబెట్టేవాళ్ళం. రెండోది, 2010లో అక్కడ ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ఘోరమైన నేరాలకు జైల్లో ఉన్నవాళ్ళ డి.ఎన్.ఎ. తీసి డేటాబేసులో పెట్టారు. లీ చున్-జే అప్పటికే జైల్లో ఉన్నాడు. 1994 జనవరిలో చోంగ్జులో భార్య చెల్లెల్ని చంపాడు. మొదట మరణశిక్ష పడింది, అది జీవితఖైదుగా మారింది. హ్వాసాంగ్ హత్యలు ఎందుకు ఆగిపోయాయని ఊరంతా తల బద్దలు కొట్టుకుంటుంటే అతను బుసాన్ జైల్లో బుద్ధిగా ఉంటూ మంచి ఖైదీ అని పేరు తెచ్చుకున్నాడు.

ఆ ప్రాంతపు పోలీసుల పాత కేసుల బృందం 2019 జులైలో ఆ బట్టలను మళ్ళీ జాతీయ ఫోరెన్సిక్ సంస్థకు పంపింది. కొద్ది వారాల్లో పేరు వచ్చింది. 3, 4, 5, 7, 9వ హత్యల వస్తువుల మీద అతని డి.ఎన్.ఎ. దొరికింది. 1990లలో దొరకనిది ఇప్పుడెలా దొరికిందని అడగొచ్చు. అప్పటి పద్ధతికి మరక పెద్దదిగా ఉండాలి, డి.ఎన్.ఎ. పొడుగు పోగులు తెగకుండా ఉండాలి. మన హైదరాబాద్ సీసీఎంబీ పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు 1980ల చివర్లో సొంతంగా ప్రోబు (డి.ఎన్.ఎ.లో కావలసిన భాగాన్ని వెతికి అంటుకునే ముక్క) తయారుచేసి వేలిముద్రల్లాంటి ఆ చారల ఫిల్ములు తీసినప్పుడు కూడా పరిస్థితి అదే. ఆ తర్వాత వచ్చిన పద్ధతిలో చిన్న చిన్న ముక్కలను లక్షల రెట్లు కాపీ చేసి చదువుతారు. ముక్కలైపోయిన పాత డి.ఎన్.ఎ.కు అదే సరిపోతుంది. కంటికి మరకే కనిపించని చోట, నడుము పట్టీ లోపలి మడతలో, గట్టిగా పట్టుకుని లాగినచోట, గుప్పెడు కణాలున్నా చాలు. బాధితురాలిదీ నేరస్థుడిదీ కలిసిపోయిన చోట మగవాళ్ళలో మాత్రమే ఉండే వై క్రోమోజోమును విడిగా చూడొచ్చు.

పాత గుడ్డ వచ్చినప్పుడు పెద్ద తగువు ఒకటుంటుంది. ప్రతి పరీక్షా కొంత నమూనాను తినేస్తుంది. ఈరోజు మొత్తం వాడేస్తే పదేళ్ళ తర్వాత వచ్చే మెరుగైన పద్ధతికి ఏమీ మిగలదు. కాబట్టి సగం ఉంచి సగం మీదే పని చేయాలి. ఐ.ఓ. (దర్యాప్తు అధికారి) ఫోను మీద ఫోను చేసి టెన్షన్ పెడుతున్నా సరే. యూన్ కేసులో దాని అవసరం కళ్ళారా కనిపించింది. పునర్విచారణ సమయంలో జాతీయ ఆర్కైవ్స్‌లో ఆ గదిలో దొరికిన రెండు వెంట్రుకలు బయటపడ్డాయి. అందరూ వాటి మీద ఆశ పెట్టుకున్నారు. డి.ఎన్.ఎ. తేలలేదు.

అంటే ఎనిమిదో హత్య లీ చున్-జే చేశాడని చెప్పేది డి.ఎన్.ఎ. కాదు, అతని మాట. అయిదు కేసుల్లో డి.ఎన్.ఎ. కలిసిందని ముందు పెట్టాక అతను 14 హత్యలు, దాదాపు 30 అత్యాచారాలు, అత్యాచారయత్నాలు ఒప్పుకున్నాడు. ఇక్కడ అనుభవం లేనివాళ్ళు సంబరపడతారు. మాకు భయం వేస్తుంది. అమెరికాలో హెన్రీ లీ లూకస్ 1980లలో వందల హత్యలు తనవేనన్నాడు. పోలీసులు దేశమంతటి నుంచి క్యూ కట్టి తమ పాత కేసులన్నీ అతని ఖాతాలో వేసి మూసేశారు. తీరా చూస్తే ఒకే సమయంలో రెండు రాష్ట్రాల్లో ఉన్నట్టు తేలింది. అలా మూసేసిన కేసుల్లో అసలు హంతకులు హాయిగా తిరిగారు. దీనికి పూర్తిగా వ్యతిరేకం శామ్యూల్ లిటిల్. అతను 93 హత్యలు ఒప్పుకుని, చంపిన ఆడవాళ్ళ ముఖాలు గుర్తుచేసుకుని బొమ్మలు గీశాడు. ఎఫ్.బి.ఐ. ఒక్కొక్కటీ పాత ఫైళ్ళతో సరిచూసి 2019 నాటికి 50 నిజమని తేల్చింది.

తేడా ఎక్కడుందంటే, ఒప్పుకున్నవాడు పేపర్లో రానిది, విచారణ చేసే అధికారి నోట వినలేనిది చెప్పాడా లేదా అన్నదాంట్లో. ఎనిమిదో హత్యలో లీ ఆ గదిలో ఏది ఎక్కడ ఉందో గీసి చూపించాడు. అమ్మాయి ఒంటి మీది బట్టల స్థితి గురించి అతను చెప్పింది ఘటనాస్థలం ఫోటోలతో కలిసింది. యూన్ చేత రాయించిన కాగితంలోని కథ ఫోటోలతో కలవలేదు. ఫోటోలు 1988 నుంచీ ఆ ఫైల్లోనే ఉన్నాయి! ఒప్పుకోలు కాగితాన్నీ ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూసినవాడు లేడు. సువాన్ కోర్టు 2020 డిసెంబరు 17న యూన్‌ను నిర్దోషి అని ప్రకటించింది. అంతకు నెలన్నర ముందు అదే కోర్టులో లీ సాక్షిగా నిలబడి హత్యలు తనవేనని చెప్పాడు. గడువు దాటిన కేసులు కాబట్టి అతని మీద కొత్తగా శిక్ష ఏదీ పడలేదు. కొరియా 2015లోనే హత్యకు కాలపరిమితి ఎత్తేసింది, అది ఈ కేసులకు మాత్రం వర్తించలేదు.

ఒప్పుకున్న 14లో నాలుగు అసలు ఈ వరసలో లేనివి. అందులో ఒకటి 1989 జులైలో తప్పిపోయిన ఎనిమిదేళ్ళ పాప. పోలీసు రికార్డుల్లో అది మిస్సింగ్ కేసు. తిరగదోడినప్పుడు తేలిందేమిటంటే, అప్పటి దర్యాప్తు పోలీసులకు ఆ పాప ఎముకలు దొరికాయి, వాటిని దాచేశారు. తల్లిదండ్రులు ముప్పై ఏళ్ళు పాప ఎక్కడో బతికే ఉందనుకున్నారు. మరో హత్య చోంగ్జులో. దానికి ఒక 19 ఏళ్ళ కుర్రాణ్ణి పట్టుకున్నారు, కోర్టు నిర్దోషి అంది, ఫైలు అలాగే ఉండిపోయింది. సీరియల్ కిల్లర్ అన్న లేబుల్‌తో పెద్ద చిక్కు ఇదే. ఒకసారి వరస అని తీర్మానించుకున్నాక, ఆ పద్ధతిలో లేనిదాన్ని ‘ఇది వేరేవాడు చేసింది’ అని పక్కన పెట్టేస్తారు, ఉన్నదాన్ని కళ్ళు మూసుకుని కలిపేస్తారు. హంతకుడు పద్ధతి మారుస్తాడు, ఊరు మారతాడు, అవకాశాన్ని బట్టి ఇంట్లోకి దూరతాడు. అన్నట్టు 2019 డిసెంబరులో కొరియా పోలీసులు ఆ కేసు పేరునే లీ చున్-జే హత్యలుగా మార్చారు, తమ ఊరి పేరు తీసేయమని అక్కడివాళ్ళు అడిగినందుకు. నాకు ఆ నిర్ణయం బాగా నచ్చింది.

కలపకూడనివి కలిపితే ఏమవుతుందో జర్మనీలో చూడండి. 1993 నాటి ఒక పాత హత్య దగ్గర్నుంచి 2007లో హైల్‌బ్రాన్‌లో పోలీసు అమ్మాయి హత్య దాకా, దాదాపు 40 చోట్ల ఒకే ఆడమనిషి డి.ఎన్.ఎ. దొరికింది. దేశమంతా ఒక మహిళా సీరియల్ కిల్లర్ కోసం వేట. 2009లో తేలిందేమిటంటే, నమూనాలు తీసే దూదిపుల్లలు తయారయ్యే ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమాయకురాలి డి.ఎన్.ఎ. అది. దూదిపుల్లలను సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేశారు. శుద్ధి చేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ డి.ఎన్.ఎ. పోదు. పాత కేసుల్లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే 1980లలో గ్లవ్సు లేకుండానే అందరం అన్నీ ముట్టుకున్నాం. అందుకే ఇప్పుడు మంచి ల్యాబుల్లో అక్కడ పనిచేసేవాళ్ళందరి డి.ఎన్.ఎ. కూడా విడిగా ఒక జాబితాలో ఉంచుతారు, ముందు దానితో పోల్చి చూస్తారు.

వేల్స్‌లో జరిగిన పని గురించి రెండు మాటలు చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. 1973లో పోర్ట్ టాల్బట్ చుట్టుపక్కల ముగ్గురు అమ్మాయిలు హత్యకు గురయ్యారు. 2000 తర్వాత పాత బట్టల నుంచి హంతకుడి డి.ఎన్.ఎ. తీశారు, కానీ జాతీయ డేటాబేసులో అతను లేడు. అప్పుడు ఫోరెన్సిక్ శాస్త్రవేత్తలు ఎదురు నుంచి ఆలోచించారు. హంతకుడికి ఇప్పుడు వయసు మళ్ళి ఉంటుంది, అతని పిల్లలు పెద్దవాళ్ళై ఉంటారు, వాళ్ళలో ఎవరైనా చిన్న నేరంలో డేటాబేసులోకి వచ్చి ఉండొచ్చు కదా? సగం కలిసే ప్రొఫైల్ కోసం వెతికితే ఒక కారు దొంగ దొరికాడు. అతని తండ్రి జోసెఫ్ కాపెన్ 1990లోనే చనిపోయాడు. 2002లో సమాధి తవ్వి, అవశేషాల నుంచి తీసిన డి.ఎన్.ఎ.తో ఖాయం చేశారు. మొదట్లో చెప్పాను చూడండి, పేరు ఫైల్లోనే ఉంటుందని. కాపెన్ ఇంటికి పోలీసులు 1973లోనే వెళ్ళారు. ఆ రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నాడని భార్య చెప్పింది, వెనక్కి వచ్చేశారు.

కాలిఫోర్నియాలో 2018 ఏప్రిల్‌లో జోసెఫ్ డిఏంజెలో అనే మాజీ పోలీసును పట్టుకున్న కథ మీరు వినే ఉంటారు. వంశవృక్షాల వెబ్‌సైటులో దూరపు చుట్టాలను వెతికి, పైనుంచి కిందకు కుటుంబాలను గీసుకుంటూ అతని దాకా వచ్చారు. 13 హత్యలు ఒప్పుకున్నాడు. అందరూ వెబ్‌సైటును మెచ్చుకుంటారు. నేను మెచ్చుకునేది వెంచురాలో 1980 నాటి జంట హత్యకు పోస్టుమార్టం చేసిన డాక్టరును. నమూనాల కిట్టు ఒకటి ల్యాబుకు పంపి, అలవాటుగా రెండోది తన దగ్గర ఫ్రీజర్లో పెట్టేవాడు. 37 ఏళ్ళ తర్వాత వంశవృక్షానికి కావలసినంత డి.ఎన్.ఎ. ఆ రెండో కిట్టు నుంచే వచ్చింది. సియాటెల్ దగ్గరి గ్రీన్ రివర్ హత్యల్లో గ్యారీ రిడ్జ్‌వే దొరికిందీ ఇలాగే. 1987లో అనుమానం మీద పిలిచి నోట్లో గాయాలకు కట్టే పలుచటి గుడ్డ (గాజ్) పెట్టి నమలమన్నారు, ఆధారం చాలక వదిలేశారు. ఆ గుడ్డను పారేయలేదు. 2001లో అదే పట్టించింది.

మన దగ్గర సంగతి. చట్టం అడ్డం కాదు. హత్యకు మన దేశంలో కాలపరిమితి లేదు. చార్జిషీటు వేశాక కూడా కొత్త ఆధారం దొరికితే అదనపు దర్యాప్తు చేయొచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సి.ఆర్.పి.సి.)లో 173(8), దాని బదులు వచ్చిన ఇప్పటి చట్టం బి.ఎన్.ఎస్.ఎస్.లో 193(9) అదే చెబుతాయి. అడ్డమంతా స్టోర్ రూములో ఉంది. తడి బట్టను నీడలో ఆరబెట్టకుండా పాలిథిన్ కవర్లో పెట్టి, పైన నీటుగా లక్కసీలు వేసి పంపిస్తారు. విప్పేసరికి లోపల బూజు, వాసన. మరక ఉందో లేదో చెప్పలేం. కాగితం కవరు వాడండయ్యా అని ఎన్నిసార్లు చెప్పినా పాలిథిన్ కవరే వచ్చేది. నిందితుడు దొరకని కేసులో ‘అన్‌డిటెక్టెడ్’ అని తుది రిపోర్టు వేసి, కోర్టు ఒప్పుకున్నాక ప్రాపర్టీని, అంటే కేసులో స్వాధీనం చేసుకున్న వస్తువులను, ధ్వంసం చేసేస్తారు. కొత్త చట్టంలో 497వ సెక్షన్ ప్రకారం ఫోటో, వీడియో తీయించి ముప్పై రోజుల్లో వస్తువులను వదిలించుకునే ఏర్పాటు కూడా వచ్చింది. స్టేషన్ల ముందు తుప్పు పట్టే బళ్ళకు అది మంచిదే. తేలని హత్యలో మృతుల బట్టలకు మాత్రం దాన్ని వాడకూడదు. ఫోటోలో డి.ఎన్.ఎ. ఉండదు.

ఇక పోల్చి చూడడానికి నేరస్థుల డి.ఎన్.ఎ. డేటాబేసు మనకు లేదు. దానికోసం తెచ్చిన బిల్లును 2023లో లోక్‌సభ నుంచి వెనక్కి తీసుకున్నారు. 2022లో వచ్చిన చట్టం అరెస్టయినవాళ్ళ జీవనమూనాలు తీసుకోవడానికి దారి ఇచ్చింది, ఆచరణ ఇంకా ఆ స్థాయికి రాలేదు.

అయినా మన దేశంలో అసలు జరగలేదని అనకండి. కేరళలో కూడత్తాయి అనే ఊళ్ళో ఒకే కుటుంబంలోనూ చుట్టాల్లోనూ 2002 నుంచి 2016 మధ్య ఆరుగురు చనిపోయారు. 2019లో ఫైళ్ళు మళ్ళీ తెరిచి, సమాధులు తవ్వి, ఒక మహిళను అరెస్టు చేశారు. విచారణ కోర్టులో ఉంది కాబట్టి నేరం గురించి మాట్లాడను. కానీ 2011లో చనిపోయిన మనిషి పోస్టుమార్టంలోనే సయనైడ్ కనిపించింది, ఆత్మహత్య అని మూసేశారు. మళ్ళీ అదే కథ, కాగితం ఫైల్లోనే ఉంది. మన యాదాద్రి జిల్లా హాజీపూర్‌లో 2019లో పాడుబడ్డ బావిలో ఒక అమ్మాయి శవం దొరికాక, అంతకుముందు నెలలో తప్పిపోయిన ఇంకో అమ్మాయి, 2015లో తప్పిపోయిన మరో పాప అవశేషాలు బయటపడ్డాయి. నాలుగేళ్ళు ఆ పాపది మిస్సింగ్ కేసు. పాత వరస హత్యలు వెతకాలంటే ముందు చూడాల్సింది హత్యల రిజిస్టరు కాదు, మిస్సింగ్ రిజిస్టరు అని నా గట్టి అభిప్రాయం.

మీకు తెలిసిన కుటుంబం చేయాల్సిన పని చెబుతాను. ముందు ఎఫ్.ఐ.ఆర్., శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, తుది రిపోర్టు సర్టిఫైడ్ కాపీలు తీయించండి. తుది రిపోర్టు ఏ కారణంతో మూసేశారో చదవండి. తర్వాత ప్రాపర్టీ నంబరు పట్టుకుని, ఆ వస్తువులు కోర్టులో ఉన్నాయా, స్టేషన్లో ఉన్నాయా, ధ్వంసం చేయమని ఉత్తర్వు ఉందా అని రాతపూర్వకంగా అడగండి, అవసరమైతే ఆర్.టి.ఐ. పెట్టండి. ధ్వంసమయ్యాయంటే అక్కడితో వదిలేయొద్దు. పోస్టుమార్టం చేసిన ఆసుపత్రిలో స్లైడ్లు, ఎఫ్.ఎస్.ఎల్.లో (ప్రభుత్వ ఫోరెన్సిక్ ల్యాబులో) అప్పటి పరీక్షలో మిగిలిన ముక్కలు ఉండొచ్చు. ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చెప్పరు. ఏదైనా ఉందని తేలితే మీరు ముట్టుకోకండి, ఫలానా వస్తువు ఫలానా చోట ఉందని రాసి అదనపు దర్యాప్తు కోరుతూ ఎస్.పి.కి అర్జీ, స్పందన లేకపోతే ఆ మేజిస్ట్రేట్ కోర్టులోనే వకీలు ద్వారా పిటిషన్. అర్జీలో అనుమానితుడి పేరు రాయడం కన్నా పరీక్ష చేయదగ్గ వస్తువు పేరు రాయడమే ఎక్కువ పని చేస్తుంది. తుది రిపోర్టు చేతికొచ్చాక అందులో ఏం రాశారో ఇక్కడ పెట్టండి. పేర్లు, ఊరు తీసేసి పెట్టండి.